మేముండగానే

మావాడు మా ఇంటి నుంచి వేరే ఇంటికి మారి ఈ నెలతో పద్నాలుగు నెలలు. వాడికి 27 ఏళ్ళు, ఆటిజం ఉంది, మాటలు చాలా తక్కువ. ఇప్పుడు సికింద్రాబాద్‌లోనే, మాకు ఆరు కిలోమీటర్ల దూరంలో, ఒక అద్దె ఇంట్లో ఇంకో ముగ్గురు కుర్రాళ్ళతో కలిసి ఉంటున్నాడు. పగలు ఇద్దరు, రాత్రి ఒకరు వాళ్ళకి తోడుంటారు.

ఈ మధ్య ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేస్తున్నారు. అందరూ దాదాపు ఒకటే అడుగుతున్నారు, "మేమూ ఆలోచిస్తున్నామండీ, కానీ మనసొప్పట్లేదు, అసలు అక్కడ ఎలా ఉంటున్నాడు?" అని. ఒక్కొక్కరితో గంట మాట్లాడుతున్నాను, ఫోన్ పెట్టేశాక 'అయ్యో, అసలు సంగతి చెప్పలేదే' అనుకుంటున్నాను. అందుకే గుర్తున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాను, మంచీ చెడూ రెండూ.

2023 ఆగస్టులో మా ఆవిడకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. మూడు రోజుల్లో ఇంటికి పంపించేస్తామన్నారు, ఇన్ఫెక్షన్ వచ్చి తొమ్మిది రోజులు ఉండాల్సి వచ్చింది. నేను పగలు ఆస్పత్రిలో, రాత్రి ఇంట్లో. పగలు మావాడి దగ్గర మా తమ్ముడూ వాళ్ళావిడా వచ్చి ఉన్నారు. వాడు పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాళ్ళే, ప్రేమకేం లోటు లేదు. కానీ స్నానానికి నీళ్ళు ఎంత వేడిగా ఉండాలి, ఏ చొక్కా తర్వాత ఏ చొక్కా వేసుకుంటాడు, పెరుగన్నం కలిపాక ఉప్పు వాడి ఎదురుగా ఎందుకు వేయాలి, ఇవన్నీ మా ఆవిడ ఒక్కదానికే తెలుసు. నాకే సగం తెలియవు. మూడో రోజు నుంచి తినడం తగ్గించాడు, నాలుగో రోజు మానేశాడు. ఐదో రోజు తల గోడకేసి కొట్టుకున్నాడు. ఆ రాత్రి వాడి నుదుటికి ఐస్ పెడుతూ కూర్చున్నాను, అవతల ఆస్పత్రిలో మా ఆవిడ ఫోన్ చేసి "తిన్నాడా" అని అడుగుతోంది, "తిన్నాడు" అని అబద్ధం చెప్పాను.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా చివరికి వచ్చే మాట ఒకటే, 'మా తర్వాత వీడికి ఎవరు?' అని. కొందరు తల్లులు ఇంకో మాట కూడా అంటారు, వాడు పోయిన మర్నాడు నేను పోవాలి అని. కన్నతల్లి నోట ఆ మాట రావడానికి ఎంత బరువు మోసి ఉండాలో, విన్నవాళ్ళకి తెలియదు. మేమూ ఇరవై ఏళ్ళు ఆ 'తర్వాత' గురించి మాట్లాడుకుంటూనే గడిపాం. మేమిద్దరం పోయాక వచ్చేదేదో అనుకున్నాం. మామూలు ఆపరేషన్ ఒకటి జరిగితే, ఇద్దరం బతికుండగానే, తొమ్మిది రోజుల పాటు అది వచ్చి మా ఇంట్లో కూర్చుంది.

మా అమ్మాయి పెద్దది. పుణెలో ఉద్యోగం, పెళ్ళయింది, ఒక పాప. "నాన్నా, తమ్ముణ్ణి నేను చూసుకుంటాను కదా, ఎందుకు టెన్షన్" అంటుంది. చూసుకుంటుంది, నాకు అనుమానం లేదు. కానీ తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండటం వేరు, వాళ్ళమ్మలాగా తెల్లారి నాలుగున్నర నుంచి రాత్రి పదకొండు దాకా వాడి చుట్టూనే తిరుగుతూ బతకడం వేరు. రెండోది నేను నా కూతురికి ఇచ్చి వెళ్ళదలచుకోలేదు. వాడికీ అది మంచిది కాదు. యాభై ఏళ్ళ వయసులో ఒకే రోజు అమ్మనీ, ఇంటినీ, ఊరినీ పోగొట్టుకుని పుణె వెళ్ళమంటే వాడేమైపోతాడు?

ఆ భయంలో తొందరపడి ఒక తప్పు చేశాం. అది కూడా చెప్పాలి.

ఆ ఏడాది డిసెంబరులో నగరానికి గంటన్నర దూరంలో ఉన్న ఒక రెసిడెన్షియల్ సెంటర్లో చేర్పించాం. పేరు రాయను. చుట్టూ మామిడి తోట, శుభ్రమైన గచ్చు, మాట్లాడినవాళ్ళు మర్యాదగా మాట్లాడారు. నలభై మందికి పైగా ఉన్నారు, హాల్లో వరసగా మంచాలు. "మొదటి నెల రావద్దండీ, మిమ్మల్ని చూస్తే అలవాటు పడడు" అన్నారు. నమ్మాం. ముప్ఫై మూడో రోజు వెళ్తే, ఏడు కిలోలు తగ్గి ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికి కూడా రాలేదు, నిద్రమత్తులో ఉన్నట్టు నిలబడ్డాడు. రాత్రిళ్ళు గోల చేస్తున్నాడని మాత్ర డోసు పెంచారట, మాకు ఒక్క మాట చెప్పలేదు.

బరువు ఎందుకు తగ్గాడో తర్వాత అర్థమైంది. మావాడికి 'నేను', 'నువ్వు' తారుమారు. చిన్నప్పటి నుంచి వాళ్ళమ్మ "అన్నం తింటావా?" అని అడిగేది కాబట్టి, ఆకలేసినప్పుడు వాడూ "అన్నం తింటావా?" అనే అంటాడు. అంటే నాకు ఆకలేస్తోంది అని. నీళ్ళు కావాలన్నా "నీళ్ళు తాగుతావా?" అనే. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఇది ఉంటుంది, మాకది ఎంత మామూలైపోయిందంటే చేర్పించేటప్పుడు చెప్పాలని కూడా తట్టలేదు. అక్కడ ఒక కుర్రాడు మాతో అన్నాడు, "పాపం చాలా మంచోడు సార్, రోజూ నన్ను అన్నం తింటావా అని అడుగుతాడు, నేను తిన్నాను బాబూ అని చెప్తా" అని. ఆ కుర్రాడి తప్పేం లేదు. నలభై మందికి నలుగురు పనివాళ్ళు. ఎవరి మాట ఎవరికి అర్థమవుతుంది? ఆ మాట విన్నాక మా ఆవిడ అక్కడే మామిడి చెట్టు కింద కూలబడిపోయింది. ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చేసుకున్నాం.

తిరిగి మామూలు మనిషి కావడానికి ఐదు నెలలు పట్టింది. బయట గేటు చప్పుడైతే చాలు, బాత్రూంలోకెళ్ళి గడియ పెట్టుకునేవాడు.

మా ఆవిడ పిన్ని కూతురు ఒకావిడ కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటుంది. వాళ్ళబ్బాయికి మావాడికన్నా రెండేళ్ళు ఎక్కువ, ఆటిజమే, అపార్ట్‌మెంట్‌లో ఇంకొకరితో కలిసి ఉంటాడు. అప్పట్లో ప్రతి శనివారం ఆవిడతో మాట్లాడేవాణ్ణి. ఆ రాష్ట్రంలో లాంటర్‌మన్ చట్టమని 1969 నుంచి ఒకటుంది, దాని కింద 21 రీజనల్ సెంటర్లు నడుస్తాయి, పెద్దయ్యాక ఎవరికి ఎన్ని గంటల తోడు కావాలో వాళ్ళే లెక్కవేసి ఏర్పాటు చేస్తారు. అయితే నాకు ఉపయోగపడింది ఆ డబ్బు లెక్కలు కాదు. ఆవిడ చెప్పిన ఒక్క మాట. "బావగారూ, ఇల్లు వేరు, సాయం చేసేవాళ్ళు వేరు. ఇంటి అగ్రిమెంట్ వాడి పేరు మీద ఉంది. వచ్చే ఏజెన్సీ బాగాలేకపోతే ఏజెన్సీని మారుస్తాం, వాడు మాత్రం ఆ ఇంట్లోనే ఉంటాడు" అంది.

మేము చూసిన చోట ఈ రెండూ ఒకళ్ళ చేతిలోనే ఉన్నాయి. తిండి బాగాలేదని గట్టిగా అడిగితే మంచం పోతుంది. అందుకే అక్కడ తల్లిదండ్రులెవరూ నోరు విప్పరు, నేనూ మొదటిరోజు విప్పలేదు.

అయితే కాలిఫోర్నియాలో అంతా బాగుందని కూడా కాదు. సాయానికి వచ్చేవాళ్ళు నిలవరట, కొన్ని వారాలు ఈవిడే ఉద్యోగం మానుకుని వెళ్ళి ఉండాల్సి వచ్చిందట. వేరే రాష్ట్రాల్లో, ముఖ్యంగా టెక్సస్‌లో, ఈ సాయం కోసం పేరు రాయించుకుని పదేళ్ళకి పైగా ఎదురుచూసే తెలుగు కుటుంబాలున్నాయి. పైగా పక్కింటివాళ్ళెవరో తెలియదు, పలకరించేవాళ్ళు లేరు అని ఆవిడ బెంగ. "మనూళ్ళో అయితే కనీసం ఇస్త్రీ అబ్బాయైనా వాణ్ణి గుర్తుపడతాడు కదా" అంది. ఆ మాటా పట్టుకున్నాను.

2024 వేసవిలో నాలుగు కుటుంబాలం కూర్చున్నాం. వీళ్ళంతా కొత్తవాళ్ళు కాదు. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థకి, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు, అప్పట్లో ఎన్.ఐ.ఎం.హెచ్ అనేవాళ్ళం, 2001లో పిల్లల్ని ఎత్తుకుని తిరిగినప్పుడు ఆ బెంచీల మీద పరిచయమైనవాళ్ళే ఇద్దరు. అప్పటి 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం అన్న మాటే లేదు, మా పిల్లలకి సర్టిఫికెట్‌లో బుద్ధిమాంద్యం అని రాసిచ్చారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక, 21 వైకల్యాల్లో ఆటిజం చేరాక, పెద్దవాళ్ళైన పిల్లల్ని మళ్ళీ తీసుకెళ్ళి మళ్ళీ పరీక్షలు చేయించి కొత్త సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం. అదే చట్టంలో ఐదో సెక్షన్ చదవండి. వైకల్యం ఉన్నవాళ్ళకి సమాజంలో అందరి మధ్యా బతికే హక్కు ఉందని, ఫలానా చోటే ఉండాలని వాళ్ళని బలవంతపెట్టకూడదని ఉంటుంది. నాకు అది చదివినప్పుడు మామిడి తోట గుర్తొచ్చింది.

ఇల్లు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. "నలుగురు బ్యాచిలర్సా?" అంటే, "అవునండీ, కానీ..." అని మొదలుపెట్టేవాళ్ళం, ఆ 'కానీ' తర్వాత ఎవరూ వినలేదు. ఒకాయన అడ్వాన్స్ తీసుకుని మర్నాడు తిరిగిచ్చేశాడు, వాళ్ళ కోడలు కడుపుతో ఉందట, పిల్లల్ని చూస్తే మంచిది కాదన్నారట. ఒకచోట అపార్ట్‌మెంట్ మీటింగ్ పెట్టి మరీ వద్దన్నారు. ఆ రోజు మాలో ఒకాయన, రిటైర్డ్ మిలిటరీ మనిషి, ఎప్పుడూ గట్టిగా ఉండేవాడు, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. చివరికి దొరికింది ఒక పాత ఇల్లు, కింద మూడు గదులు, పైన ఓనరు. ఓనరు గారిది ఒకటే షరతు, ఆర్నెల్లు చూసి చెప్తాను అన్నారు. అద్దె 26,000. అగ్రిమెంట్ మా పిల్లల పేరు మీద వీలు కాలేదు, నాలుగు కుటుంబాల తరఫున ఒక ట్రస్టు రిజిస్టర్ చేసి దాని పేరు మీద రాయించాం.

తోడు ఉండేవాళ్ళని వెతకడం ఇంకా కష్టం. కేర్ టేకర్ అనగానే ఏజెన్సీలు ముసలివాళ్ళని చూసుకునే మనుషుల్ని పంపిస్తాయి. వాళ్ళు పనిమంతులే, కానీ అన్నీ వాళ్ళే చేసేస్తారు. పళ్ళు తోముతారు, అన్నం కలిపి నోట్లో పెడతారు. మాకు కావాల్సింది అది కాదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మావాడికి ఎనిమిది నిమిషాలు పడుతుంది, ఆ ఎనిమిది నిమిషాలూ చేతులు కట్టుకుని పక్కన నిలబడగలిగినవాళ్ళు కావాలి. నిజం చెప్పాలంటే అది మాకే చేతకాలేదు ఇన్నేళ్ళూ. స్కూల్ వ్యాన్ వచ్చేస్తోందని, ఫంక్షన్‌కి టైమవుతోందని మేమే పెట్టేసేవాళ్ళం.

మొదట దొరికినవాళ్ళలో ఒకడు మహబూబాబాద్ కుర్రాడు, డిగ్రీ ఆపేసి సికింద్రాబాద్‌లో డెలివరీ పని చేసేవాడు. అనుభవం ఏమీ లేదు. ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు మావాడు వాడి చెయ్యి పట్టుకుని వాసన చూశాడు, కొత్తవాళ్ళని అలాగే చూస్తాడు. వాడు చెయ్యి లాక్కోలేదు. "సబ్బు వాసన అన్నా, లైఫ్‌బాయ్" అని చెప్పాడు. అంతే, ఆ క్షణంలోనే మా ఆవిడ నిర్ణయించేసింది.

అప్పుడు మా ఆవిడ ఒక పని చేసింది. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, మావాడి గురించి రాయడం మొదలుపెట్టింది. రెండు నెలలు రాసింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో, 'అన్నం తింటావా అంటే నాకు ఆకలేస్తోంది అని అర్థం' అని. రెండో పేజీలో, చెవులు మూసుకుంటే ఏ చప్పుడు వెతకాలి. కుక్కర్ విజిల్ ఫరవాలేదు, మిక్సీ ముందే చెప్పి వేయాలి, పెళ్ళి బ్యాండు వస్తే వెనక గదిలోకి తీసుకెళ్ళాలి. కడుపునొప్పి వస్తే చెప్పడు, ఎడం మోకాలు గోకుతాడు. ఇది మాకు తెలియడానికి పదకొండేళ్ళు పట్టింది, ఒకసారి అపెండిక్స్ దాకా వెళ్ళింది. మీరు ఇంకేం చేయకపోయినా ఈ పుస్తకం ఇవాళే మొదలుపెట్టండి. మనలో ఎవరికైనా రేపు ఏమైనా అయితే, మన పిల్లల భాష మనతోనే పోతుంది.

మార్చడం ఒక్కసారిగా చేయలేదు. మొదట పగటిపూట రెండు గంటలు వెళ్ళి వచ్చాం. తర్వాత మధ్యాహ్నం భోజనం అక్కడే. తర్వాత ఒక రాత్రి, మా ఆవిడ పక్క గదిలో పడుకుంది. తర్వాత రెండు రాత్రులు ఎవరం లేకుండా. పూర్తిగా మారడానికి మూడు నెలలు. ఇంట్లో వాడి మంచం, వాడి దుప్పటి, వాడి ప్లేటు, వాడి గది గోడకున్న క్యాలెండర్, అన్నీ అలాగే పట్టుకెళ్ళాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్తాం, చెప్పకుండా కూడా వెళ్తాం, నాలుగు కుటుంబాలకీ తాళం చెవి ఉంది. నలుగురిలో ఇద్దరి దగ్గర కూడా ఉంది, మావాడిది నడుముకి కట్టిన తాడుకుంటుంది.

మొదటి నెల బాగాలేదు. రాత్రి మూడుకి లేచి తలుపు దగ్గర నిలబడేవాడు. ఒకసారి మహబూబాబాద్ కుర్రాడి చెయ్యి కొరికాడు, మూడు కుట్లు పడ్డాయి. వాడు మానేస్తాడేమోనని నేను ఆస్పత్రికెళ్ళి కూర్చున్నాను. "నాదే తప్పు సార్, మిక్సీ చెప్పకుండా వేసిన" అన్నాడు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు, మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, సంపులో పడతాయి, మోటారు వేసి పైన ట్యాంకుకి ఎక్కించుకోవాలి. మా ఇంట్లో మోటారు స్విచ్చి వాడికి అందకుండా పైన పెట్టించాను, వాడు పదేళ్ళప్పుడు. ఆడుకుంటాడని, షాక్ కొడుతుందని. ఆ తర్వాత పదహారేళ్ళు ఆ స్విచ్చి గురించి మళ్ళీ ఆలోచించలేదు. కొత్త ఇంట్లో స్విచ్చి వరండాలో మామూలు ఎత్తులోనే ఉంది. రెండో నెలలో ఒకరోజు సంపులో నీళ్ళ చప్పుడు విని మావాడు వెళ్ళి మూత మీద చెవి పెట్టి పడుకున్నాడట. కాసేపటికి లేచి మోటారు వేశాడట. మహబూబాబాద్ కుర్రాడు ఆపలేదు, పక్కన నిలబడి చూశాడు. మావాడు పైపు పట్టుకుని నిలబడి, ఆ పైపులో చప్పుడు మారగానే వెళ్ళి ఆపేశాడు. పైకెళ్ళి చూస్తే ట్యాంకు అంచుకి నాలుగు వేళ్ళ కింద వరకు నిండి ఉందట, ఒక్క చుక్క పొర్లలేదు.

ఆ రోజు నుంచి ఆ పని వాడిదే. నెల తిరిగేసరికి పైన ఓనరు గారు కూడా వాళ్ళ ట్యాంకు సంగతి వాడికే వదిలేశారు. వాడికి ఈ పని వచ్చని నాకు తెలియదు. ఎప్పుడూ ప్రేమగానే చూసుకున్నాను, ఆ ప్రేమతోనే స్విచ్చి పైన పెట్టించాను. దీని గురించి ఆలోచిస్తే ఇప్పటికీ నిద్రపట్టదు. ఇంకా ఎన్ని స్విచ్చులు అందకుండా పెట్టి ఉంటాను?

డబ్బు సంగతి అందరూ అడుగుతారు. అద్దె, ముగ్గురి జీతాలు, వంట సరుకులు, కరెంటు, మందులు, అన్నీ కలిపి ఒక్కో కుటుంబానికి నెలకి సుమారు 32,000 అవుతోంది. తక్కువేం కాదు, ఎక్కువమంది మోయలేరని నాకు తెలుసు. మాలో ఒక కుటుంబానికి అది మరీ బరువు, మిగతా ముగ్గురం సర్దుతున్నాం. తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016, పక్కన ఆంధ్రలో 6,000, అది కూడా అర్హత ఉన్నవాళ్ళకే. దాంతో ఒక మనిషి జీతంలో మూడో వంతు కూడా రాదు. ఆటిజం, బుద్ధిమాంద్యం లాంటివి ఉన్నవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ కింద 18 ఏళ్ళు దాటినవాళ్ళకి ఘరౌందా అనే గ్రూప్ హోమ్ పథకం మొదలైంది, తర్వాత దాన్ని సమర్థ్ అనే ఇంకో పథకంతో కలిపేశారు. ప్రతి జిల్లాలో అలాంటి చిన్న ఇళ్ళు నాలుగైనా ఉంటే, జీతం రాళ్ళు లేని తల్లి కూడా రాత్రి కంటినిండా నిద్రపోతుంది. ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది ముందు ఇదీ. పెద్ద భవనం వద్దు, వీధిలో ఒక అద్దె ఇల్లు, చదువుకున్న ఇద్దరు మనుషులకి సరైన జీతం.

కాగితాలు ఆలస్యం చేయకండి. 18 నిండగానే మన సంతకం చెల్లదు, బ్యాంకులో మొదట తెలుస్తుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, గార్డియన్‌షిప్‌కి అక్కడ దరఖాస్తు పెట్టాలి. అదే ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్‌లో ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, వయసు పరిమితి లేదు, ముందు వైద్య పరీక్షలు అడగరు. నాలాగా కేంద్ర ప్రభుత్వంలోనో రైల్వేలోనో పనిచేసి రిటైరైనవాళ్ళు, మీరుండగానే పెన్షన్ ఆర్డర్‌లో పిల్లవాడి పేరు ఎక్కించండి. సంపాదించుకోలేని బిడ్డకి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మనం పోయాక మన పిల్లలు ఆ కౌంటర్ ముందు నిలబడి అడగలేరు కదా.

బాగాలేనివి కూడా రాస్తానన్నాను. పద్నాలుగు నెలల్లో ఐదుగురు మనుషులు మారారు. ప్రతి మార్పుకీ పిల్లలు పది పదిహేను రోజులు వెనక్కి పోతారు. మొదట 16,000 ఇచ్చేవాళ్ళం, సెలవు లేదు. ఇప్పుడు 21,000, వారానికి ఒకరోజు కచ్చితంగా సెలవు, అప్పటి నుంచి కాస్త నిలబడుతున్నారు. మన బిడ్డని ప్రేమగా చూడాలంటే చూసే మనిషి కడుపు నిండాలి, కంటికి నిద్ర ఉండాలి, ఇది మేము ముందే తెలుసుకోవాల్సింది. ఒక రాత్రి కాపలా ఉన్నాయన నిద్రపోతే నలుగురిలో ఒకబ్బాయి గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. రెండు వీధుల అవతల పాల బూత్ దగ్గర దొరికాడు, బూత్ ఆయనే గుర్తుపట్టి కూర్చోబెట్టి ఫోన్ చేశాడు. రోజూ ఉదయం పాలకి వాళ్ళలో ఒకరు వెళ్తారు కాబట్టి గుర్తుపట్టాడు. ఫ్రీమాంట్ నుంచి మా మరదలు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

మొదట చేరిన నలుగురిలో ఒకబ్బాయిని వాళ్ళమ్మ మూడు నెలలకే తీసుకెళ్ళిపోయింది, ఆ చోటులోకి తర్వాత ఇంకొకబ్బాయి వచ్చాడు. ఆవిడ ఒంటరి, భర్త లేరు. "వాడు లేకపోతే నాకు పొద్దున లేవడానికి కారణం లేదండీ" అంది. ఎవరం ఏమీ అనలేకపోయాం. ఇంకో సంగతి, ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. విజయవాడ నుంచి ఒకాయన ఫోన్ చేస్తుంటారు, 31 ఏళ్ళ కూతురు. "మీకు మగపిల్లాడు కాబట్టి పంపగలిగారు" అంటారు. ఆ భయం నిజం. ఆడవాళ్ళే నడిపే ఇల్లు ఒకటి మొదలుపెడదామని ముగ్గురు తల్లులు మాట్లాడుకుంటున్నారు, అయితే రాస్తాను.

బంధువుల మాటలు మా ఆవిడనే ఎక్కువ బాధపెట్టాయి. "కన్నకొడుకుని హాస్టల్లో పడేసి ఎలా తింటోందో" అని ఒక పెళ్ళిలో వెనక నుంచి వినబడింది. మూడు నెలలు ఆవిడ ఏ ఫంక్షన్‌కీ రాలేదు. ఇంట్లో నాలుగున్నరకే లేచి కూర్చునేది, చేయడానికి ఏమీ ఉండేది కాదు. ముగ్గురికి సరిపడా అన్నం వండేసేది. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి ఖాళీగా ఉన్న వాడి గదిలో నేల మీద పడుకుని ఉంది. నేనూ పక్కన కూర్చున్నాను, లైటు వేయలేదు. ఇప్పుడు వారానికి మూడు రోజులు వీధి చివర లైబ్రరీకి వెళ్తోంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత మోకాలికి డాక్టరుకి చూపించుకుంది.

ఆదివారాలు మావాడు మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వస్తాడు. పోయిన ఆదివారం గోంగూర పప్పు, వడియాలు, పెరుగు. ఉప్పు వాడి ఎదురుగానే వేసింది. తిన్నాక వాడి పాత గదిలో కాసేపు పడుకున్నాడు. నాలుగు కాకుండానే లేచి చెప్పులు వేసుకుని, నడుము తాడుకున్న తాళం చెవి పట్టుకుని, మా ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఇంటికి వెళ్తావా?" అన్నాడు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాడి భాషలో దానర్థం ఏమిటో మాకు తెలుసు. ఇల్లు అన్న మాట ఆ ఇంటికి వాడటం అదే మొదటిసారి. అంతకుముందు ఎప్పుడూ 'అక్కడ' అనేవాడు. క్యాలెండర్ చూశాను, ఆ రోజు మంజీరా వచ్చే రోజు, ఐదింటికి వస్తాయి.

మా ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, వాడి కాలరు సరిచేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది, వాడే సరిచేసుకునేదాకా ఆగింది.

"వెళ్దువుగానిలే, ఉండు, నలుగురికీ గోంగూర పచ్చడి డబ్బాలో పెట్టిస్తాను" అంది.